పిల్లికి చెలగాటం... ఎలుకకు ప్రాణసంకటం!

సాయంత్రం నాలుగున్నరకి మీ అమ్మాయి స్కూలు నుంచి వచ్చింది. బ్యాగు ఓ మూల పడేసింది. క్యారేజీ మూత తీసి చూస్తే పొద్దున మీరు కట్టిన నిమ్మకాయ పులిహోర కట్టినట్టే ఉంది. "ఏమ్మా, తినలేదేం?" అంటే "ఆకలి వెయ్యలేదు" అంది. మర్నాడు పొద్దున్నే కడుపునొప్పి. పై వారం జామెట్రీ బాక్సు పోయింది. ఆ మర్నాడు చున్నీ చిరిగింది. మీరేం చేస్తారు? వాము నీళ్లు పట్టిస్తారు, వస్తువులు పారేసుకుంటోందని నాలుగు కేకలేస్తారు. అవునా?

ఒక్క నిమిషం ఆగండి. నొప్పి కడుపులో కాకపోవచ్చు, క్లాసులో ఉండొచ్చు!

ఏది అల్లరి? ఏది వేధింపు?

పిల్లలన్నాక కొట్టుకుంటారు, ఇవాళ పచ్చి, రేపు జట్టు. దానికి మనం కంగారు పడక్కర్లేదు. కానీ మూడు సంగతులు కలిసి కనిపిస్తే మాత్రం అది అల్లరి కాదు. ఒకటి, కావాలనే బాధపెట్టడం. రెండు, మళ్లీ మళ్లీ అదే పని చెయ్యడం. మూడు, ఒకళ్లు బలంగానో గుంపుగానో ఉండి, రెండోవాళ్లు ఎదురు చెప్పలేని స్థితిలో ఉండటం. ఈ మూడు గుర్తులు చెప్పిన ఆయన డాన్ ఓల్వియస్. ఈయన స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1982 చివర్లో నార్వేలో ముగ్గురు మగపిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమని అనుకున్నారు. దేశం ఉలిక్కిపడింది. 1983లో అక్కడి బడులన్నింటిలో వేధింపులను ఆపే కార్యక్రమం మొదలైంది.

కొట్టడమే వేధింపు అనుకోకండి. "బండోడా", "సోడాబుడ్డీ", "నల్లపిల్లీ" అంటూ పేర్లు పెట్టడం, ఆటలోకి రానివ్వకపోవడం, టిఫిన్ డబ్బా దాచెయ్యడం, ఇప్పుడైతే ఫోన్లో గ్రూపు కట్టి బొమ్మలు పెట్టి నవ్వుకోవడం, ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి.

మా ఇంట్లో ఏం జరిగిందంటే...

ఇది చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగానే ఉంది. ఓ రోజు కూరగాయల బండి దగ్గర పక్క వీధి ఆవిడ కనబడి, నసుగుతూ అడిగింది. "ఏమీ అనుకోకండి, మీ వాడూ ఇంకొంతమందీ మా వాణ్ణి 'నత్తి నత్తి' అని ఏడిపిస్తున్నారట. బడికి పోనని ఒకటే ఏడుపు. కాస్త చెప్తారా?"

"మా వాడు అలాంటివాడు కాదండీ" అనేశాను చటుక్కున. ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి అడిగితే వాడన్న మాట విని నా నోట మాట రాలేదు. "ఆ పేరు నేను పెట్టలేదమ్మా. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయినా మనం చెల్లిని సోడాబుడ్డి అంటాం కదా, అదేమీ అనుకోదుగా?"

నిజమే. కళ్లజోడు పెట్టుకున్న నా కూతుర్ని ఇంటిల్లిపాదీ ముద్దుగా అలాగే పిలిచేవాళ్లం. అది ఏమీ అనుకోవట్లేదని మేమే అనుకున్నాం. ఆ రాత్రి అడిగితే తల దించుకుని "నాకిష్టం లేదు" అంది.

'అందరూ నవ్వారు, నేనూ నవ్వాను' అన్న మాటలోనే అసలు కిటుకంతా ఉందండీ. ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టినా సాల్మివల్లి అనే ప్రొఫెసరు, ఆవిడ తోటివారు కలిసి 'కివా' అనే కార్యక్రమం తయారుచేశారు. వాళ్ల భాషలో కివా అంటే 'బాగుంది' అని అర్థం. 2009 నుంచి అది దేశమంతటా బడుల్లోకి వెళ్లింది. ఏడిపించేవాడికీ ఏడ్చేవాడికీ మాత్రమే కాదు, చుట్టూ చేరి చూసేవాళ్లకీ అందులో పాఠాలు, ఆటలు ఉంటాయి. చూసేవాళ్లు నవ్వితే ఏడిపించేవాడికి ఊపొస్తుంది. నవ్వడం మానేస్తే ఆ సరదా సగం చచ్చిపోతుంది. మన పిల్లల్లో ఎక్కువమంది ఉండేది ఈ చూసేవాళ్లలోనే!

ఉపన్యాసాలిస్తే పిల్లలు వినరు. ఆటగా చెబితే వింటారు. ఆదివారం మధ్యాహ్నం మీ పిల్లల్నీ, పక్కింటి పిల్లల్నీ నలుగుర్ని కూర్చోబెట్టి ఇవి ఆడించండి. పెద్ద ఖర్చేమీ లేదు.

నలిగిన కాగితం (అయిదేళ్లు దాటినవాళ్లకి)

తెల్ల కాగితం మీద ఓ పిల్లాడి బొమ్మ గీయించండి. దానికో ఉత్తుత్తి పేరు పెట్టండి. ఒక్కొక్కళ్లూ ఆ బొమ్మతో ఓ కటువైన మాట అని, కాగితాన్ని కాస్త నలపాలి. ఉండగా చుట్టేశాక ఇప్పుడు ఒక్కొక్కళ్లూ "సారీ" చెబుతూ చేత్తో సాపు చెయ్యమనండి. ఎంత రుద్దినా ముడతలు పోవు. "ఇస్త్రీ చేద్దామా?" అంటారు కొందరు గడుగ్గాయిలు! చేసి చూపించండి, గీతలు మిగులుతాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అప్పుడు చెప్పండి.

రెండు ఆపిల్ పళ్లు (ఏడేళ్లు దాటినవాళ్లకి)

ఒకే రంగు, ఒకే సైజు ఎర్ర ఆపిల్స్ రెండు తీసుకోండి. పిల్లలు రాకముందే ఒకదాన్ని తొక్క చిట్లకుండా గట్టు మీద చుట్టూ చాలాసార్లు తట్టి, కొన్ని గంటలు వదిలెయ్యండి. తర్వాత రెండూ ముందు పెట్టి "వీటిలో తేడా ఉందా?" అని అడగండి. లేదంటారు. అప్పుడు అడ్డంగా కోసి చూపండి. ఒకటి తెల్లగా ఉంటుంది, రెండోది లోపల గోధుమరంగులో కమిలి ఉంటుంది. "పైకి బాగానే ఉన్నవాళ్లకి లోపల ఎలా ఉంటుందో మనకేం తెలుస్తుంది?" అని అడిగి ఊరుకోండి. మిగతాది వాళ్లే చెబుతారు. కమిలిన పండు పారేయకండి. తొక్క తీసి పంచదారతో ఉడికిస్తే బ్రెడ్డులోకి పనికొస్తుంది!

నలుగురి నాటకం (ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి)

ఒకళ్లు ఏడిపించేవాళ్లు, ఒకళ్లు ఏడ్చేవాళ్లు, ఒకళ్లు నవ్వేవాళ్లు, ఒకళ్లు ఊరికే చూసేవాళ్లు. క్రికెట్‌లోకి రానివ్వకపోవడం లాంటి చిన్న సన్నివేశం ఇవ్వండి. అయిదు నిమిషాలకోసారి వేషాలు మార్చండి. నవ్వేవాళ్లూ చూసేవాళ్లూ ఏం చెయ్యొచ్చో పలికించండి. "ఆపరా, బాగాలేదు" అనడం ఒకటి. "రా, మనం అటు ఆడుకుందాం" అని ఆ పిల్లాణ్ణి పక్కకి తీసుకుపోవడం రెండోది. అదీ భయమైతే టీచరుకి చెప్పడం మూడోది. ఒకణ్ణి తిట్టించాలని చెబితే అది చాడీ, ఒకణ్ణి కాపాడాలని చెబితే అది సాయం అని తేడా విడమరచండి.

ఒక జాగ్రత్త! నిజంగా బడిలో ఏడిపింపులు పడుతున్న పిల్లాడికి ఏడ్చే వేషం ఇవ్వకండి. నిజం పేర్లు, నిజం వెక్కిరింపులు రానివ్వకండి.

చీటీల ఆట (అన్ని వయసులవాళ్లకి)

ఇంట్లో అందరి పేర్లూ చీటీల మీద రాసి గ్లాసులో వెయ్యండి. నాన్నగారినీ, నానమ్మగారినీ వదలొద్దు. ఎవరికి ఎవరి పేరు వస్తే, వారం రోజులూ వాళ్లకి తెలియకుండా రోజుకో మంచి పని చెయ్యాలి. చెప్పులు సర్దిపెట్టడం, మంచినీళ్లు తెచ్చివ్వడం, హోంవర్కులో సాయం చెయ్యడం... డబ్బు ఖర్చుపెట్టకూడదు. ఆదివారం ఎవరిది ఎవరో కనుక్కోవాలి. మా ఇంట్లో వారమంతా నా కళ్లజోడు తుడిచి పెట్టింది మా వాడే!

ఇవి మాత్రం వద్దు

* "నువ్వూ రెండు తగిలించి రా" అనకండి. దాంతో గొడవ పెరుగుతుందే గానీ తగ్గదు.
* "నీదే తప్పయ్యుంటుంది" అనకండి. మళ్లీ మీకేదీ చెప్పరు.
* ఎదుటి పిల్లాడి ఇంటి మీదకి పోట్లాటకి వెళ్లకండి.
* మీవాడి మీద ఫిర్యాదు వస్తే నాలాగా "మా వాడు అలాంటివాడు కాదు" అనెయ్యకండి. "కనుక్కుంటానండీ" అనండి, చాలు.
* ఇంట్లో రంగు, లావు, చదువు గురించి ఎగతాళి పేర్లు ఈ రోజే మానెయ్యండి. మొక్కై వంగనిది మానై వంగునా?

ఆటలతో ఆగకపోతే?

ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో తేదీలతో ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. ఫోన్లో వచ్చినవైతే తీసెయ్యకుండా స్క్రీన్ షాట్లు దాచండి. ముందు క్లాసు టీచర్నీ, తర్వాత హెడ్మాస్టర్నీ కలవండి. సీబీఎస్ఈ 2015లోనే తన స్కూళ్లకి వేధింపుల నివారణ కమిటీలు పెట్టమని చెప్పింది. మీ స్కూల్లో ఉందేమో అడగండి. పిల్లల సహాయానికి 1098 నంబరుంది, పగలూ రాత్రీ ఉచితంగా చెయ్యొచ్చు. పిల్లలు తిండీ నిద్రా మానేసినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాటలన్నా ఆలస్యం చెయ్యకండి. వాళ్లని ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకి చూపించండి.

ఇక మా వాడి సంగతి అంటారా? నేనే ముందు ఆవిడ ఇంటికెళ్లి ఆ రోజన్న మాటకి క్షమించమన్నాను. నాటకంలో ఏడ్చే వేషం రెండుసార్లు వేశాక, ఎవరూ చెప్పకుండానే మా వాడు ఆ అబ్బాయిని ఆటకి పిలిచాడు. మొదటి రోజు రాలేదు, రెండో రోజూ రాలేదు. నాలుగో రోజు వచ్చాడట. ఇప్పటికీ ఇద్దరూ ప్రాణస్నేహితులేం కాలేదు. కానీ ఆ అబ్బాయి బడి మానలేదు. మా అమ్మాయిని మేమిప్పుడు పేరు పెట్టే పిలుస్తున్నాం.

ఈ సాయంత్రం క్యారేజీ మూత తీసినప్పుడు, "తిన్నావా?" అని అడిగాక ఇంకో మాట కూడా అడగండి. "ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావమ్మా?" అని. వచ్చిన జవాబుని పని ఆపి, కూర్చుని వినండి.