నీళ్లకి మూలలు తెలుసా?

చూరు నుంచి జారిన వానచుక్క, కింద నిలిచిన నీళ్లలో పడటం స్లోమోషన్‌లో చూశారా? చుట్టూ నీటిగోడ లేస్తుంది. దాని అంచున వేళ్లు మొలుస్తాయి, కొసల నుంచి బుల్లి చుక్కలు తెగి ఎగురుతాయి. అచ్చం కిరీటమే! వర్తింగ్టన్‌ అనే ఇంగ్లిష్‌ శాస్త్రవేత్త 1908లోనే ఇలాంటి ఫొటోలతో పుస్తకం వేశాడు.

నా బీటెక్‌ ప్రాజెక్టు ఇదే. ఓపెన్‌ఫోమ్‌ ఫ్రీ కదా అని దించుకుని, అందులో ఇంటర్‌ఫోమ్‌ సాల్వర్‌ నడిపా. రెండు రాత్రులు లాప్‌టాప్‌ ఫ్యాన్‌ మోతే. కిరీటం భలే వచ్చింది. కానీ దానికి సరిగ్గా నాలుగే వేళ్లు, నాలుగూ గ్రిడ్‌ మూలల వైపే! నీళ్లకి మూలలేం తెలుసు? అది నా గడుల ముద్ర. రివ్యూలో ఎవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. మార్కులు బాగానే పడ్డాయి. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

తప్పంతా సాఫ్ట్‌వేర్‌ది కాదు. లెక్క చూడండి. 2 మి.మీ. చుక్క, చుట్టూ 20 మి.మీ. డబ్బా. సన్నటి నీటిపొర అందాలంటే 5 మైక్రాన్ల గడి కావాలనుకుందాం. ఒక్కో వైపు 4,000 గడులు, మొత్తం 6,400 కోట్లు! లాప్‌టాప్‌ చేతులెత్తేస్తుంది. గడి పెద్దది చేస్తే పొర మాయం.

బసిలిస్క్‌ గెలిచేది ఇక్కడే. ఇదీ ఫ్రీయే. నీటి అంచు దగ్గర మాత్రమే గడుల్ని చిన్నవి చేస్తుంది, మిగతా చోట పెద్దవే ఉంచుతుంది. ఇంటర్‌ఫోమ్‌లో అంచు కొన్ని గడుల మేర అలుక్కుపోతుంది, తలతన్యత లెక్కలో లేని ప్రవాహాలు పుడతాయి. బసిలిస్క్‌ ప్రతి గడిలో అంచుని ఓ చిన్న పలకలా గీస్తుంది. కాకపోతే బటన్లుండవు, సీ లాంటి కోడ్‌ రాసుకోవాలి. బటన్లే కావాలంటే ఫ్లూయెంట్‌ ఉంది, పూర్తి లైసెన్సు కాలేజీ కొనాల్సిందే. కామ్‌సోల్‌ వేడి, కరెంటు కూడా కలిపి చూడాల్సినప్పుడు హాయి. చిమ్మే చుక్కలకైతే నేను తీసుకోను. దాని ఫేజ్‌ఫీల్డ్‌ పద్ధతిలో మరీ చిన్న చుక్కలు కరిగిపోతుంటాయి.

ఏది వాడినా గడి సైజు సగం చేసి మళ్లీ నడపండి. వేళ్ల లెక్క మారిందా, నమ్మకండి. పొర గడికన్నా పలచనైతే బసిలిస్క్‌లోనూ అది తెగేది గడి వల్లే.

మొన్న సిరంజితో అర మీటరు ఎత్తు నుంచి పళ్లెంలోని నీళ్లలోకి చుక్క వదిలా. వేగం సెకనుకి సుమారు 3 మీటర్లు. ఫోన్‌ 240 ఫ్రేముల వీడియోలో కిరీటం కొద్ది ఫ్రేములే చిక్కింది. పక్కన స్కేలు పెట్టి వెడల్పు కొలుస్తున్నా. ఈసారి సిమ్యులేషన్‌ని దాని పక్కన పెట్టి చూశాకే ఎవరికైనా చూపిస్తా.