ట్యాంకు మీది అక్షరములు

పేరాల సందులలోనుండి పడుగు చుట్టలను, చీరల మూటలను వెనుక కట్టుకొని చీరాల బజారునకు వచ్చు నేతపనివారిని "ఏ బండి మీద వచ్చినారు?" అని యడిగినచో "టీవీఎస్ మీద" నందురు, ఓడరేవునుండి చేపల పెట్టెతో బయలుదేరు వర్తకుడును, రేపల్లె వైపు పల్లెలలో పాలక్యానులు తగిలించుకొని తిరుగు రైతును ఆ మాటయే చెప్పుదురు, బండి మరియొక కంపెనీవారిదైనను, మోపెడు జాతికి చెందినదైనచో మన ప్రాంతమున దానికి ఆ పేరే స్థిరపడినది. ఈ మూడక్షరములు యంత్రభాగమునకు గాని వేగమునకు గాని సంకేతములు కావు. ఒక మనుష్యుని నామధేయమునకు సంక్షేపములు. తిరుక్కురుంగుడి వెంగారం సుందరం అయ్యంగారు గత శతాబ్ది రెండవ దశాబ్దమున మదురైలో మోటారు రవాణా వ్యాపారమునకు పునాది వేసిరి. ఆయన వంశీయుల సంస్థ 1980లో హోసూరునందు ఇద్దరు కూర్చుండదగిన మోపెడును తయారుచేసి, ఇంజను పరిమాణమును బట్టి దానికి "టీవీఎస్ 50" అని పేరిడెను. అనగా మన నేతన్న, తానెరుగకయే, తిరునల్వేలి సీమలోని ఒక గ్రామము పేరును కూడ చీరల మూటతోపాటు మోయుచున్నాడు.

బుల్లెట్టు కథ దీనికన్న పాతది. ఇంగ్లండునందు రెడ్డిచ్ పట్టణపు సైకిళ్ల కంపెనీ యొకటి, లండనునకు చేరువనున్న ఎన్‌ఫీల్డులోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారమునకు విడిభాగములు చేయు కాంట్రాక్టును పందొమ్మిదవ శతాబ్ది చివర సంపాదించి, ఆ ఊరి పేరును, దానితోపాటు "రాయల్" అను రాజవిశేషణమును తన సైకిళ్లకు తగిలించుకొనెను. ఫిరంగిని ముద్రగా ధరించి, తమ బండి తుపాకివలె దృఢమైనదని చాటుకొన్న ఆ సంస్థ, 1932లో ఒక మోటారుసైకిలునకు "తూటా" అను నర్థము వచ్చు పేరు పెట్టుటలో వింతయేమున్నది? 1955నుండి ఆ బండి మదరాసులో కూర్పబడుచు వచ్చినది. మదరాసు రైలుదారి మీదనే యున్న చీరాల, బాపట్ల, తెనాలి పట్టణములలో దాని శబ్దమును బట్టియే వచ్చునది ఎవరో చెప్పగల పెద్దలు నేటికిని కలరు.

పేరు ప్రక్కన నుండు అంకె సంగతి వేరు. అది, సిలిండరులో పిస్టను క్రిందినుండి పైవరకు కదలు మేర యొక్క ఘనపరిమాణము. దానినే సీసీ అందురు. పాత బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. లెక్కించినచో 346 సీసీ వచ్చును, ట్యాంకు మీద 350 అని వ్రాయుదురు. యమహా ఆర్ఎక్స్ 100లో వ్యాసమును, నడకయు రెండును 50 మిల్లీమీటర్లే. ఆ లెక్క 98కి వచ్చి ఆగును. ఇది మోసము కాదు. పలుకుటకు తేలికగా నుండవలెనని అంకెను పూర్ణము చేయుట ఎల్లదేశముల తయారీదారులకును వాడుక.

అక్షరములను జనము తమకు తోచినట్లు విప్పుకొనుట సహజము. 1983లో ఎస్కార్ట్స్‌వారు రెండు సిలిండర్ల బండిని "రాజ్‌దూత్ 350" అను పేర విడుదల చేసినప్పుడు, వాడుకలో దానికి స్థిరపడిన ఆర్‌డి యనునది రాజ్‌దూత్‌నకు సంక్షేపమని ఎవరైన తలచినచో తప్పుపట్టరాదు. కాని జపానులో యమహావారి ఆర్‌డి 350 అప్పటికి పదేండ్ల క్రిందటనే, 1973లోనే, వెలసియున్నది. పందెముల బండ్లనుండి అభివృద్ధి చేయబడినది అను ఆంగ్లపదముల మొదటి యక్షరములే అవి. జావా అను పేరును ద్వీపముతో ముడిపెట్టుట అంతకన్న పెద్ద పొరపాటు: చెకొస్లొవేకియాలో తుపాకులు చేయు యానెచెక్ అను పారిశ్రామికుడు 1929లో వాండరర్ అను జర్మను కంపెనీ మోటారుసైకిళ్ల శాఖను కొని, రోమను లిపిలో తన పేరునకు మొదటనున్న రెండక్షరములను (JA), దాని పేరునకు మొదటనున్న రెండక్షరములను (WA) కలిపి ఆ మాటను కూర్చెను. నేటి కుర్రవాండ్రు మనసుపడు కేటీఎం సైతము క్రోన్‌రైఫ్, ట్రుంకెన్‌పోల్ట్స్ అను ఇద్దరు మనుష్యులును, మాటిగ్‌హోఫెన్ అను ఆస్ట్రియా పట్టణమును కలిసిన కూర్పే.

మన పురాణములనుండియు, చరిత్రనుండియు వచ్చిన పేర్లన్న నాకు మక్కువ యెక్కువ. బజాజువారి చేతక్ రాణా ప్రతాపుని గుఱ్ఱము. హైదరాబాదు ఆల్విన్ పేరుతో వచ్చిన స్కూటరునకు "పుష్పక్" అని పేరిడినవారు ఎవరో గాని వారి ఊహకు చేతులు జోడింపవలెను: ఎందరెక్కినను ఇంకొకరికి చోటుండు పుష్పకవిమానముతో, ముందు ఒక బిడ్డను నిలబెట్టి, వెనుక ఇల్లాలిని, ఆమె ఒడిలో మరియొక బిడ్డను కూర్చుండబెట్టుకొని సాగు స్కూటరును పోల్చుటకన్న యుక్తమైన పోలిక వేరొకటి దొరకదు. ఆ స్కూటరు మూలమును తరచి చూచినచో లక్నోలో తయారైన విజయ్ సూపర్ స్కూటరు మీదుగా ఇటలీలోని లాంబ్రెట్టాకు, ఆ పేరు పుట్టిన మిలాను నగరపు లాంబ్రాతె పేటకు చేరుదుము. నాటి తెలుగు రాజధాని పేరు మోసిన ఆ బండి కాలగర్భమున కలిసిపోవుట నాకు నిజముగా విచారకరము.

తరువాతి కాలపు అక్షరములలో మనుష్యులు లేరు, ఊళ్లు లేవు. అపాచీ మీది ఆర్‌టీఆర్, పల్సరు మీది ఎన్ఎస్, డీటీఎస్-ఐ యనునవి వరుసగా థ్రాటిల్ స్పందనను, కవచము లేని పందెపు రూపమును, ఒక సిలిండరునకు రెండు స్పార్కుప్లగ్గుల అమరికను ఆంగ్లమున చెప్పు ప్రకటన సంకేతములు. అర్థము తెలిసినచో చాలును, ముచ్చట లేదు.

అయినను సెకండుహ్యాండు బండి కొనువారికి అక్షరములతో గట్టి పనియే కలదు. ఆర్ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో నిలిచిపోయినందున దానికి నేడు విపరీతమైన గిరాకి యున్నది. దాని తోబుట్టువులైన ఆర్ఎక్స్ 135, ఆర్ఎక్స్‌జీ బండ్లు ఇంచుమించు ఆ పోలికతోనే యుండి, ట్యాంకు ప్రక్క స్టిక్కరు మార్చినంత మాత్రమున కొత్తవారి కంటికి 100గానే కనబడును. కావున తెనాలిలో గాని, చీరాలలో గాని బేరము కుదుర్చుకొనుటకు ముందు స్టిక్కరును నమ్మక ఆర్సీ పుస్తకమును తెరిచి, సీసీ యనుచోట 98 అని యున్నదో 132 అని యున్నదో చూచి, ఇంజను మీద చెక్కిన సంఖ్యను పుస్తకములోని సంఖ్యతో ఒక్కొక్క అక్షరముగా సరిపోల్చుకొని, ఆ పిమ్మటనే బయానా ఇయ్యవలెను.