సురినామ్‌ను నదుల మీంచి చూడాలి

ఉష్ణమండలంలో సముద్రం ఒడ్డునున్న చిన్న దేశం అనగానే తెల్లటి ఇసుక, నీలం నీళ్లు, కొబ్బరి చెట్ల నీడ కళ్ల ముందు మెదులుతాయి. దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలో ఉన్న సురినామ్‌కు ఆ ఆశతో వెళితే ఎక్కువగా కనిపించేది బురదే. అమెజాన్ నది అట్లాంటిక్‌లోకి మోసుకొచ్చే ఒండ్రును సముద్ర ప్రవాహాలు వాయవ్య దిశగా తోసుకొచ్చి ఈ తీరం పొడవునా పరుస్తుంటాయి. అందుకే ఇక్కడి సముద్రం మట్టిరంగులో ఉంటుంది, ఒడ్డంతా మడచెట్లు అల్లుకుని ఉంటాయి. విహారయాత్ర అంటే బీచ్ అనుకునేవాళ్లు ఈ దేశాన్ని పక్కన పెట్టేస్తారు. అలా పెట్టేయడం తప్పని నా అభిప్రాయం. ఈ దేశాన్ని కట్టింది నదులు. జనం ఎక్కడ స్థిరపడ్డారు, ఎవరు ఎక్కడికి పారిపోయారు, ఇవాళ ఎవరి భూమికి గ్యారంటీ లేదు అన్నవన్నీ నదుల వెంట వెళితేనే అర్థమవుతాయి. విస్తీర్ణంలో సురినామ్ దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత, అంటే 1,63,820 చదరపు కిలోమీటర్లు. అయినా దక్షిణ అమెరికా స్వతంత్ర దేశాల్లో అదే అన్నిటికంటే చిన్నది. జనాభా ఆరు లక్షల పైచిలుకు. నేలలో తొంభై శాతానికి పైగా అడవే.

రాజధాని పారామరిబో కూడా సముద్రాన్ని కాస్త దూరం పెట్టి, సురినామ్ నది ఒడ్డున ఉంది. కింద ఎర్ర ఇటుక పునాది, పైన తెల్ల రంగు వేసిన చెక్క గోడలు, ముదురాకుపచ్చ తలుపులతో ఉండే ఇక్కడి పాత ఇళ్ల పేటను యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కైజర్‌స్ట్రాట్ వీధిలో మసీదు, యూదుల ప్రార్థనా మందిరం పక్కపక్కనే ఉంటాయి. ఆ యూదుల మందిరం లోపల నేలంతా ఇసుక పోసి ఉంటుంది. ఇన్ని మతాల, జాతుల మనుషులు ఇక్కడికి ఎందుకు చేరారంటే, జవాబు మళ్లీ నది దగ్గరే దొరుకుతుంది. 1667 నాటి బ్రెడా ఒడంబడికతో ఈ ప్రాంతం డచ్చివాళ్ల చేతిలో ఉండిపోయింది, ఇప్పటి న్యూయార్క్ ఇంగ్లీషువాళ్లకు దక్కింది. సురినామ్, కొమ్మెవైన్ నదుల ఒడ్డుల్లో చిత్తడి నేలలకు గట్లు వేసి, కాలువలు తవ్వి చెరకు, కాఫీ తోటలు పెట్టారు. ఆ మట్టి తవ్వింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. 1863లో బానిసత్వం రద్దయినా, ఇంకో పదేళ్లపాటు వాళ్లలో చాలామంది ప్రభుత్వ నిఘాలో కూలి ఒప్పందాలకు కట్టుబడి ఉండాల్సి వచ్చింది. ఆ గడువు తీరిన 1873లోనే, జూన్ 5న, కలకత్తా నుంచి ‘లాలా రూఖ్’ ఓడ సుమారు నాలుగు వందల మంది ఒప్పంద కూలీలతో వచ్చింది. మన తెలుగువాళ్లు మద్రాసు రేవు నుంచి మారిషస్‌కు, దక్షిణాఫ్రికాకు వెళ్లింది కూడా ఇలాంటి ఒప్పందాల మీదే. సురినామ్‌కు వచ్చినవాళ్లు ఎక్కువగా భోజ్‌పురి, అవధీ ప్రాంతాలవాళ్లు. 1890 నుంచి జావా కూలీలను తెచ్చారు. ఇవాళ పారామరిబోలో కోడికూర, అలసంద కాయల కూరతో రోటీ దొరుకుతుంది. అక్కడే జావా వాళ్ల సావోతో సూప్ కూడా దొరుకుతుంది. దీన్ని సామరస్యానికి ప్రదర్శనశాలగా చూపించే ప్రచారం ఉంది. పక్కపక్కన బతకడం నేర్చుకున్న మాట నిజమే, కానీ వీళ్లను ఒకచోటికి చేర్చింది తోటల యజమానులకు కావలసిన చవక కూలి.

తోటల నుంచి తప్పించుకున్నవాళ్లు నది ఎగువకు వెళ్లారు. నదిలోని బండలు, సుడులు సైన్యం పడవలను ఆపేవి. ఆ అడ్డంకుల వెనక మరూన్లుగా పేరుపడ్డ ఈ పారిపోయినవాళ్ల జాతులు ఊళ్లు కట్టుకున్నాయి, తోటల మీద దాడులు చేశాయి. చివరికి డచ్చి పాలకులే దిగివచ్చి ఆ జాతుల్లో న్డ్యూకాలతో 1760లో, సారామకాలతో 1762లో సంధి చేసుకున్నారు. చట్టం బానిసత్వాన్ని రద్దు చేయడానికి నూరేళ్ల ముందే వాళ్లు స్వేచ్ఛను గెలుచుకున్నారు. ఇప్పటికీ అట్జోనీ దగ్గర రోడ్డు అయిపోతుంది, అక్కడి నుంచి పొడవాటి చెక్క పడవే దారి. వెనక ఒకరు మోటారు నడుపుతుంటే, ముందు ఒకరు గడకర్ర పట్టుకుని నీటి కింద బండ ఎక్కడుందో చూసి చేత్తో సైగ చేస్తారు. ఒకప్పుడు సైన్యాన్ని ఆపిన బండలే అవి. చరిత్ర పుస్తకం ఎంత చదివినా ఇంత స్పష్టంగా బోధపడదు.

బీచ్ అసలే లేదా అని అడగొచ్చు. తూర్పున మరోవైన్ నది ముఖద్వారం దగ్గర గాలిబీలో ఇసుక ఉంది. అయితే అక్కడికి ప్రధానంగా లెదర్‌బ్యాక్, పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడికీ పడవలోనే వెళ్లాలి. ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది: నది, అడవి, పడవ అంటూ అందాన్ని పొగిడితే అక్కడివాళ్ల కష్టం మరుగున పడిపోదా? అందం దగ్గరే ఆగిపోతే పడిపోతుంది. అందుకే ఎగువకు వెళ్లేవాళ్లు బ్రోకోపోండో జలాశయాన్ని తప్పక చూడాలి. ప్రధానంగా అల్యూమినియం పరిశ్రమకు కరెంటు కోసం అఫోబాకా దగ్గర ఆనకట్ట కట్టి, 1964లో నీళ్లు నిలపడం మొదలుపెట్టారు. దాదాపు 1,500 చదరపు కిలోమీటర్ల అడవి మునిగింది. ఎండిన చెట్ల మోళ్లు నీళ్లలోంచి ఇంకా పైకి లేచి ఉన్నాయి. మునుగుతున్న అడవి నుంచి దాదాపు పదివేల జంతువులను కాపాడిన కథ లోకమంతా చెప్పుకుంది. అదే నీటిలో ఊళ్లు పోగొట్టుకున్న వేలాది సారామకాల గురించి అంతగా ఎవరూ చెప్పుకోలేదు.

తమ భూమి మీద తమకే హక్కుండాలని సారామకాలు అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి 2007లో గెలిచారు. వాళ్ల భూముల హద్దులు తేల్చి పట్టాలివ్వాలని, అక్కడ గనులకూ కలపకూ అనుమతి ఇచ్చేముందు వాళ్లను సంప్రదించాలని ఆ తీర్పు చెప్పింది. తీర్పు పూర్తిగా అమలు కాకుండానే ఏళ్లు గడిచాయి, ఈలోగా బంగారం తవ్వకం పాదరసాన్ని నదుల్లోకి వదులుతూనే ఉంది. సముద్రం అడుగున దొరికిన చమురును 2028లో వెలికితీయడం మొదలుపెట్టాలని కంపెనీలు అనుకుంటున్నాయి. ఆ డబ్బు రాజధానిలో మేడలుగా మారుతుందో, ఎగువ ఊళ్లకు పట్టాలుగా, మంచి నీళ్లుగా చేరుతుందో ఇంకా తేలలేదు. ఇప్పుడు వెళ్లేవాళ్లు, ఆగస్టు మధ్య నుంచి నవంబరు దాకా ఉండే పొడి కాలంలో, ఎగువన ఊరివాళ్లే నడుపుకునే బసల్లో దిగడం మేలు. కట్టిన అద్దె ఆ ఊళ్లోనే ఉంటుంది, ఈ భూమి గొడవ ఏమిటో అనుభవించినవాళ్ల నోటే వినొచ్చు.