యోసేపు కొట్లు - ధనవంతుని కొట్లు



మన ఊళ్లలో ఒక సాధారణ కుటుంబము ఒక్క రోజు గడవడానికి ఎన్నిటి మీద ఆధారపడుతున్నదో ఎప్పుడైనా లెక్క వేశారా? బోరు మోటారుకు కరెంటు కావాలి. దుక్కికి ట్రాక్టరు, ట్రాక్టరుకు డీజిలు కావాలి. విత్తనము కంపెనీ సంచిలో వస్తున్నది. పైరుకు యూరియా, పొటాషు కావాలి. వంటకు గ్యాసు బండ, పచ్చడికి మిక్సీ, పిల్లలకు ప్యాకెట్టు పాలు. రోలు వాకిట్లో ఒక మూల పడి ఉన్నది. ఎద్దుల కొట్టములో ఇప్పుడు మోటారు సైకిలు నిలబడుతున్నది.

ఇవన్నీ మేలులే. మన అమ్మమ్మలు తెల్లవారుజామున లేచి తిప్పిన తిరగలి బరువు తెలిసినవారెవరూ మిక్సీని తిట్టరు. అయితే ఈ మేలులన్నీ దూరదేశముల నుండి వచ్చే ఒకే మోకుకు వ్రేలాడుతున్నవి. మన దేశము వాడే ముడి చమురులో 80 శాతానికి పైగా విదేశముల నుండి ఓడల మీద రావలసినదే. పొటాషు ఎరువు దాదాపు అంతా బయటి నుండే వస్తుంది. యూరియా మన దేశములోనే చాలావరకు తయారైనా, దానికి కావలసిన సహజ వాయువులో పెద్ద భాగము దిగుమతి అవుతున్నది. ఎక్కడో యుద్ధము వస్తే మన చేలో ఎరువు ధర పెరుగుతుంది. 2022లో ఉక్రెయిను యుద్ధము మొదలైనప్పుడు ఎరువుల ధరలు ప్రపంచమంతటా ఎగబ్రాకాయి.

ఆ మోకు తెగితే ఎలా? ఈ ప్రశ్న ఇప్పుడు మన విశ్వాసుల ఇళ్లలో కూడా వినబడుతున్నది. దానికి రెండు తప్పు జవాబులు ఉన్నవి. ఒకటి, భయపడి దొరికినదంతా తెచ్చి ఇంట్లో దాచుకొని తలుపు గడియ వేసుకోవడము. రెండవది, ప్రభువు రాకడ సమీపించినది గనుక పొలమెందుకు, పిల్లల చదువెందుకు అని చేతులు ముడుచుకొని కూర్చోవడము. థెస్సలొనీకలో కొందరు ఇలాగే పని మానివేస్తే అపొస్తలుడైన పౌలు వారిని గద్దించి, పనిచేసి తమ సొంత ఆహారము తినవలెనని ఆజ్ఞాపించాడు (2 థెస్స. 3:10-12). మరి విశ్వాసి ఏమి చేయాలి? మొదట, ఆ మోకు నిజముగా తెగిన ఒక దేశము సంగతి చూద్దాము.

క్యూబాలో జరిగినది

అమెరికాకు దక్షిణమున సముద్రములో క్యూబా అనే ద్వీపము ఉన్నది. ఆ దేశము చెరకు పండించి, పంచదారను సోవియట్ యూనియనుకు మంచి ధరకు అమ్మేది. బదులుగా అక్కడి నుండి చమురు, ఎరువులు, ట్రాక్టర్లు, ఆహార ధాన్యాలు వచ్చేవి. ప్రజలు తినే ఆహారములో సగానికి పైగా బయటి నుండి వచ్చినదే. వారి వ్యవసాయము మన కంటే ఎక్కువగా యంత్రముల మీద నడిచేది.

1991 డిసెంబరులో సోవియట్ యూనియను కూలిపోయింది. అమెరికా ఆంక్షలు అప్పటికే ఉన్నవి గనుక క్యూబాకు వేరే దారి లేకపోయింది. కొద్ది కాలములోనే దేశము ఆదాయము మూడవ వంతుకు పైగా పడిపోయింది. ట్రాక్టర్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. బస్సులు లేవు. కరెంటు గంటల తరబడి ఉండేది కాదు. పెద్దవారు సగటున సుమారు ఐదు కిలోల బరువు తగ్గారు. సరైన తిండి లేక, విటమిన్ల లోపము వలన 50,000 మందికి పైగా నరముల జబ్బుతో బాధపడ్డారు. వారిలో అనేకులకు చూపు మందగించింది. అప్పుడు ప్రభుత్వము దేశమంతటికీ విటమిను మాత్రలు పంచవలసి వచ్చింది.

ఆ ప్రజలు ఎలా బ్రతికారు? చైనా నుండి పది లక్షలకు పైగా సైకిళ్లు తెప్పించుకున్నారు. పొలాలలోనికి మళ్లీ ఎద్దులు వచ్చాయి. అయితే ఎద్దులు ఉంటే చాలదు. కోడెను కాడికి అలవాటు చేయడము, నాగలి పట్టడము తెలిసిన మనిషి కావాలి. అందుకోసము పాత రైతులను వెదకి, వారి చేత యువకులకు నేర్పించవలసి వచ్చింది. రాజధాని హవానాలో ఇళ్ల మధ్య ఖాళీ స్థలాలలో కంపోస్టు ఎరువుతో మళ్లు కట్టి కూరగాయలు పండించారు. ఆ తోటలు ఒక తరమును ఆదుకున్నవి.

మరొక సంగతి మన పత్రిక పాఠకులు గమనించాలి. 1976 నాటి రాజ్యాంగము ప్రకారము క్యూబా నాస్తిక భావజాలము గల రాజ్యము. 1991లో కమ్యూనిస్టు పార్టీ మొదటిసారి విశ్వాసులను సభ్యులుగా చేర్చుకొనుటకు ఒప్పుకున్నది. 1992లో రాజ్యాంగము నుండి ఆ నాస్తికత్వపు మాట తొలగించబడినది. ఆ కష్టకాలములోనే దేవాలయములు నిండాయి. ప్రయాణ సౌకర్యము లేని చోట విశ్వాసులు ఇళ్లలోనే కూడుకున్నారు. అలా గృహ సంఘములు ద్వీపమంతటా వ్యాపించాయి. రొట్టె కరువైన చోట వాక్యము కొరకు ఆకలి పుట్టినది.

అయితే దీనిని మనము అందమైన కథగా చెప్పుకోకూడదు. 1994లో ముప్పై వేలకు పైగా ప్రజలు చెక్క తెప్పల మీద సముద్రము దాటి పారిపోవడానికి తెగించారు. కొందరు ఒడ్డు చేరలేదు. కాలము కొంత కుదుటపడగానే ఆ దేశము మళ్లీ దిగుమతి తిండి మీదనే ఆధారపడింది. 2024 అక్టోబరులో ద్వీపమంతటా కరెంటు వ్యవస్థ ఒక్కసారిగా కుప్పకూలి దేశము చీకటిలో పడింది. కష్టము నేర్పిన పాఠము కూడా నిలుపుకొనకపోతే చెయ్యి జారిపోతుంది.

పొరుగున ఉన్న శ్రీలంక

క్యూబా దూరమనిపిస్తే శ్రీలంక దగ్గరే. 2021 వేసవిలో అక్కడి ప్రభుత్వము రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. రైతులకు సిద్ధపడే సమయము లేదు, సరిపడినంత సేంద్రియ ఎరువూ లేదు. వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. అదే ఏడాది నవంబరులో ఆ నిషేధము ఎత్తివేశారు. అప్పటికే కోవిడ్ వలన పర్యాటకులు రాక, అప్పులు పెరిగి దేశము కుంగి ఉన్నది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు చెల్లించలేమని ప్రకటించింది. పెట్రోలు కొరకు, గ్యాసు కొరకు జనులు రోజుల తరబడి వరుసలలో నిలబడ్డారు.

నేల ఒక్క ఏటిలో మారదు. మనిషి చేయి కూడా ఒక్క నెలలో పని నేర్చుకోదు. సిద్ధపాటు అనేది సమృద్ధి ఉన్నప్పుడే మొదలు కావాలి. యోసేపు కూడా ఏడు పుష్టిగల సంవత్సరములలోనే ధాన్యము కూర్చాడు (ఆది. 41:47-49). చీమ వేసవిలోనే కూర్చుకొంటుంది (సామె. 6:6-8).

రెండు రకముల కొట్లు

పరిశుద్ధ గ్రంథములో ధాన్యపు కొట్లు కట్టిన ఇద్దరు మనుష్యులు మనకు కనబడతారు. ఒకడు యోసేపు. మరొకడు లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడు. ఇద్దరికీ పంట సమృద్ధిగా పండినది. ఇద్దరూ ముందు చూపుతోనే కొట్లు కట్టాలనుకున్నారు. మరి ఒకడు జ్ఞానియని, ఒకడు వెఱ్ఱివాడని ఎందుకు అనిపించుకున్నారు? ధనవంతుని ఆలోచనలో తన ప్రాణము తప్ప మరొక ప్రాణము లేదు. యోసేపు కొట్ల తలుపులు కరువు వచ్చిన రోజున తెరువబడినవి. తేడా ధాన్యములో లేదు, తలుపులో ఉన్నది.

అయినను యోసేపు కథలో కూడా ఒక హెచ్చరిక ఉన్నది. ఆదికాండము 47వ అధ్యాయము చదవండి. ఐగుప్తు ప్రజల రూకలు అయిపోయాయి, తరువాత పశువులు, చివరకు పొలములు, తమ దేహములు సహా ఫరో వశమయ్యాయి. ప్రాణములు దక్కినవి గాని స్వాతంత్ర్యము పోయినది. కరువు కాలములో గింజలున్నవాని చేతిలోనికి గింజలు లేనివాని పొలము నడిచిపోవడము మన పల్లెలు ఎరుగని సంగతి కాదు. నెహెమ్యా కాలములో యెరూషలేములో ఇలాగే జరిగింది. ధాన్యము కొరకు పొలములు తాకట్టు పెట్టిన బీదల మొర విని ఆ దైవజనుడు ప్రధానులను నిలదీసి, పొలములు తిరిగి ఇప్పించాడు (నెహె. 5:1-13). కాబట్టి సిద్ధపడినవాడు సిద్ధపడని పొరుగువాని మీద దొర కాకూడదు.

అంతియొకయ సంఘము దీనిని చక్కగా గ్రహించినది. లోకమంతటా కరువు రాబోతున్నదని అగబు చెప్పినప్పుడు, ఆ కరువు అంతియొకయకు కూడా రావలసినదే. అయినా ఆ విశ్వాసులు తమ కొట్ల సంగతి మొదట ఆలోచించలేదు. ప్రతివాడును తన శక్తి కొలది యూదయలోని సహోదరులకు సహాయము పంపాలని నిశ్చయించుకొని, బర్నబా, సౌలుల చేత పంపించారు (అపొ. కార్య. 11:27-30). క్రైస్తవ సిద్ధపాటుకు ఇదే నమూనా.

మనము చేయదగినవి

పెద్ద పెద్ద సంగతులు మన చేతిలో లేవు. చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నవి.

1. విత్తనము: హైబ్రిడ్ పంట గింజను తిరిగి విత్తితే అదే గుణము నిలువదు. గనుక ప్రతి ఇంటా కొంత నాటు విత్తనము ఉండాలి. జొన్న, రాగి, కొర్ర, సజ్జ, కంది, అనుము, బీర, సొర చాలు. బాగా ఎండబెట్టి, బూడిదతో, వేపాకుతో కుండలో భద్రపరచడము మన పెద్దలు ఎరిగిన పద్ధతే. ఒక్క ఇంట దాచిన విత్తనము ఎలుక పాలైతే పోతుంది. పది ఇళ్లకు పంచిన విత్తనము బ్రతుకుతుంది. జహీరాబాదు ప్రాంతములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని పేద దళిత స్త్రీలు ఎన్నో రకముల చిరుధాన్యాల విత్తనాలను ఏళ్ల తరబడి కాపాడి పంచుకుంటున్నారు. 2019లో వారి కృషికి ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

2. నీరు: కరెంటు లేని రోజున బోరు మోటారు మూగదే. ఊరి చేతిపంపు పనిచేస్తున్నదా? చేదబావి పూడిపోయినదా? యౌవనస్థుల కూటము రెండు రోజులు పూనుకుంటే బాగుచేయగల పనులు ఇవి.

3. పని తెలిసిన చేతులు: కోడెను కాడికి కట్టడము, బుట్ట అల్లడము, తాడు పేనడము, రంపము పట్టడము, గుడ్డ కుట్టడము తెలిసిన వృద్ధులు మన సంఘములలో వెనుక వరుసలో కూర్చుంటున్నారు. సెలవుల బైబిలు పాఠశాలలో రోజుకు ఒక గంట వారిని పిలిచి పిల్లలకు నేర్పించండి. వారు కన్నుమూసిన తరువాత ఆ విద్య ఏ దుకాణములోను దొరకదు.

4. ఆరోగ్యము: నీళ్లు కాచి త్రాగడము అలవాటు కావాలి. విరేచనములు పట్టుకున్న బిడ్డకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించాలని ప్రతి తల్లికీ తెలియాలి. టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదము. రక్తపోటు, చక్కెర, మూర్ఛ మందులు రోజూ వాడేవారు వైద్యుని అడిగి ఒక నెల మందులు ముందుగా ఉంచుకోవాలి. అట్టివారు ఏయే ఇళ్లలో ఉన్నారో సంఘ పెద్దలకు తెలిసి ఉండాలి.

5. అప్పు: ఏ కష్టము వచ్చినా మొదట విరిగేది అప్పులో ఉన్న కుటుంబమే. పెళ్లికి, పందిరికి, పరువుకు చేసిన అప్పు కరువులో పొలమును మింగుతుంది. అప్పు లేని గంజి కూడా ఒక సిద్ధపాటే.

6. పిడికెడు బియ్యము: మన తల్లులు వంటకు ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసి ఉంచే మంచి ఆచారము ఎన్నో సంఘములలో ఉన్నది. పిడికెడు 50 గ్రాములనుకుంటే, 60 కుటుంబముల సంఘములో రోజుకు 3 కిలోలు, నెలకు 90 కిలోలు, ఏడాదికి వెయ్యి కిలోలకు పైగా అవుతుంది. అందులో కొంత భాగము ఆపత్కాలము కొరకు ఉంచండి. పాత గింజలు ముందు వాడి కొత్తవి చేర్చండి. లెక్క పుస్తకము అందరికీ కనబడనివ్వండి. దాని మీద వడ్డీ వద్దు. అవసరము వచ్చిన రోజున అది గుడికి వచ్చేవారికి మాత్రమే అని అనవద్దు. విశ్వాస గృహమునకు చేరినవారి యెడల విశేషముగా మేలు చేయుమన్న లేఖనమే, దానికి ముందు అందరి యెడల చేయుమంటున్నది (గలతీ. 6:10).

భయము లేని సిద్ధపాటు

1999లో కంప్యూటర్లన్నీ ఆగిపోయి లోకము స్తంభించిపోతుందని అమెరికాలో అనేక క్రైస్తవ కుటుంబములు గోధుమలు, నీళ్ల పీపాలు, జనరేటర్లు కొని దాచుకున్నాయి. 2000 జనవరి 1 మామూలుగానే తెల్లవారినది. భయముతో కొన్న వస్తువు, భయము తీరగానే మూల పడుతుంది. పైన చెప్పిన సంగతులు అలాంటివి కావు. లోకవ్యవస్థ కూలినా కూలకపోయినా బాగుచేసిన బావి నీళ్లిస్తుంది. తీర్చిన అప్పు తిరిగి రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము మీద పడినప్పుడు అంత పెద్ద నగరములో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మ్రోగలేదు, పాలకు నీళ్లకు కటకట ఏర్పడినది. లోకమంతా కూలనక్కరలేదు, ఒక్క తుఫాను చాలు, మనము ఎంత సిద్ధముగా ఉన్నామో తెలియడానికి.

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనను మనము ప్రతి ఆదివారము చెప్పుకుంటున్నాము. అందులో ఆహారము అడిగేటప్పుడు 'నాకు' అనే మాట లేదు, 'మాకు' అనే ఉన్నది. ఆ 'మాకు'లో మన పొరుగింటివారు ఉన్నారు, ఊరి చివరి గుడిసె ఉన్నది, కొలిమి చల్లబడిన కమ్మరి ఉన్నాడు, కూలి దొరకని తల్లి ఉన్నది. ఆ మాట నోట పలికిన తరువాత మన కొట్టు తలుపుకు లోపలి గడియ ఉండరాదు.

ఈ నెలలో మీ కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 41, లూకా 12 అధ్యాయములు పిల్లలతో కలిసి చదవండి. చదివిన తరువాత ఒక కుండలో గుప్పెడు నాటు విత్తనము పోసి మూత వేయండి. మరొక గుప్పెడు పొరుగింటికి పంపండి.

రానున్న దినములలో ఏది సంభవించినను, మన ఇండ్లు యోసేపు కొట్లవలె తెరువబడి ఉండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.