మంచు లేని రింకు

ఇటీవల ఒక పని మీద కోల్‌కతా వెళ్ళవలసి వచ్చింది. 1911లో రాజధాని హోదా ఢిల్లీకి తరలిపోయిన ఆ నగరానికి ఢిల్లీ విలేకరి వెళ్ళడమంటే, ఆస్తి పంచుకుని వేరుపడిన అన్నగారి గడప తొక్కడం వంటిదే. బాలీగంజ్‌లోని మిత్రుడు "ఐస్ స్కేటింగ్ రింకు దగ్గర దిగండి" అని ఆనవాలు చెప్పాడు. చెమటలు కారే ఈ ఊరిలో మంచు మీద జారే ఆట ఏమిటా అనుకుంటూ దిగాను. గేటుకు పూలదండలు, లోపల పెళ్ళివిందు సందడి! వివాహాలకు, ప్రదర్శనలకు అద్దెకిచ్చే ఆ ఆవరణలో మంచు పేరుకు మాత్రమే మిగిలింది.

కోల్‌కతాకు మంచుతో పరిచయం కొత్తది కాదు. 1833లో 'టస్కనీ' అనే ఓడ బోస్టన్ నుంచి నాలుగు నెలలు ప్రయాణించి, దాదాపు 100 టన్నుల మంచుగడ్డలను ఇక్కడి రేవులో దించింది. అది దొరల గ్లాసులలోకి చేరింది. ఆటగాళ్ళ కాళ్ళ కిందికి మాత్రం మంచు మన దేశంలో అరుదుగానే వచ్చింది. సిమ్లాలో 1920 నాటి రింకు చలికాలపు దయ మీద నడుస్తున్నది. దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం 2011లో డెహ్రాడూన్‌లో కట్టిన రింకు, ఆ ముచ్చట తీరాక చాలా ఏళ్ళు మూతపడి ఉండింది.

ఆ పెళ్ళిపందిరి ముందు నిలబడి ఉండగా నాకు హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామా స్ఫురించాడు. మంచు లేకపోతేనేమి, చక్రాల బూట్లతో అతడు కళాత్మక స్కేటింగు సాధన చేశాడు. 2010 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో పురుషుల సింగిల్స్‌లో కాంస్యం సాధించాడు. గుజరాత్‌కు చెందిన అవని పాంచాల్‌తో కలసి జంట పోటీలోనూ మరొక కాంస్యం గెలిచాడు. భారతదేశం ఆ క్రీడలలో పొందిన 65 పతకాలలో స్కేటింగు తెచ్చినవి ఆ రెండే. రెండింటిలోనూ ఈ తెలుగువాడి పాలు ఉన్నది.

జంట స్కేటింగు అంటే ఇద్దరు పక్కపక్కన నర్తించడం కాదు. పురుషుడు వేగంగా సాగుతూనే భాగస్వామిని తలపైకి ఎత్తాలి. గిరగిర తిరుగుతూ భద్రంగా దించాలి. ఇద్దరూ ఒకేసారి ఎగిరి, ఒకే క్షణాన నేలను తాకాలి. ఒకరి లెక్క ఒక్క లిప్త తప్పితే దెబ్బ తగిలేది రెండవవారికి. మంచు మీద ఉక్కు అంచు గడ్డను కోసుకుని పట్టు ఇస్తుంది. ఇక్కడ ఆ పట్టంతా చక్రాలకూ నేలకూ మధ్య రాపిడిదే. పైగా బూటు బరువు.

మంచు మీది ఈ విద్యలో సోవియట్ క్రీడాకారిణి ఇరీనా రోద్నినాది అగ్రస్థానం. 1969 నుంచి 1978 వరకు వరుసగా పది ప్రపంచ టైటిళ్ళు, 1972, 1976, 1980లలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు ఆమెవి. 1973లో బ్రాటిస్లావాలో ప్రదర్శన మధ్యలో సంగీతం ఆగిపోయింది. ఆమె, భాగస్వామి జైత్సెవ్ ఆగలేదు. నిశ్శబ్దంలోనే చివరిదాకా ఆడి ప్రపంచ విజేతలైనారు. 1979లో తల్లి అయిన ఆమె మరుసటి ఏడే మూడవ ఒలింపిక్ స్వర్ణం అందుకున్నది. అయితే ఆ పట్టుదల వెనుక రింకులు, శిక్షకులు, ఒక ప్రభుత్వమూ నిలబడి ఉన్నాయి.

మన జంటకు ఆగిపోయినది సంగీతం కాదు, వేదికే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో రోలర్ స్కేటింగుకు చోటే దక్కలేదు. 2018 జకార్తాలో చక్రాలు తిరిగి వచ్చినా జంట విభాగం రాలేదు. క్రీడాకారుని దేహం నాలుగేళ్ళు, ఎనిమిదేళ్ళు బీరువాలో దాచుకునే వస్తువు కాదు కదా! అనూప్‌కు అర్జున పురస్కారం 2015లో లభించింది. గుర్తింపు రావడం సంతోషమే. కానీ పతకం తరువాత అది ఢిల్లీ చేరడానికి అయిదేళ్ళు పట్టింది. టస్కనీ ఓడ ఇంతకన్న వేగంగా వచ్చింది!

ఢిల్లీలో ప్రతి బడ్జెట్టు వేళా క్రీడాగ్రామాలు, అకాడమీలు అనే మాటలు వింటూనే ఉన్నాను. కోల్‌కతా రింకును తిరిగి మంచుతో నింపమని నేను కోరడం లేదు; పెళ్ళిళ్ళూ జరగవలసినవే. ప్రతి పెద్ద ఊరిలో నున్నని నేల ఒకటి, తెలిసిన శిక్షకుడొకడు ఉంటే చాలు. లేనిచోట పతకం గెలిచినవారిని పొగడడం తేలిక. వారి వెనుక వచ్చే పిల్లలకు ఆ లేమినే వారసత్వంగా ఇవ్వకుండా ఉండడమే అసలు పని.