మదనపల్లెలో కలిసిన దారులు

ఒక విద్యాలయం ఘనతను గూర్చి ప్రసంగించేటప్పుడు మనం సాధారణంగా దాని భవనాలను, గ్రంథాలయాన్ని, ఉత్తీర్ణులైనవారి సంఖ్యను పేర్కొంటాము. అక్కడ చదువు చెప్పినవారు ఎక్కడెక్కడి నుండి వచ్చినారు, ఏయే అనుభవాలను వెంట తెచ్చినారు అనే ప్రశ్న వేసేవారు అరుదు. పండితులందరూ ఒకే ఊరివారు, ఒకే కులంవారు, ఒకే గురువు శిష్యులు అయినచోట సంభాషణ సుఖంగానే సాగుతుంది. కాని అక్కడ కొత్త మాట పుట్టడం కష్టం. ఇందుకు భిన్నమైన విద్వద్గోష్ఠిని చూడడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన మదనపల్లె చరిత్ర చాలు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన నాటినుండి 2022 వరకు ఆ జిల్లాలో భాగమై ఉండిన ఈ పట్టణంలో, 1915లో అనీ బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించినారు. నేటి బి.టి. కళాశాల అదే. ఆమె 1847లో లండనులో పుట్టినవారు. మతాచార్యుని భార్యగా సంసారం ప్రారంభించి, ఆ మతాన్ని విడిచి, నాస్తికవాదినిగా, కార్మికుల పక్షాన వక్తగా పేరొంది, చివరకు దివ్యజ్ఞాన మార్గంలో 1893లో భారతదేశం చేరినారు. 1917లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినారు. ఒక్క జన్మలోనే పలు జన్మలెత్తిన వ్యక్తి అనవచ్చును.

ఈ కళాశాలకు వచ్చిన జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్టు నగరంలో సామాన్య కుటుంబంలో 1873లో జన్మించినారు. చిన్ననాటనే గుమాస్తా పనికి కుదిరి, స్వయంకృషితో కవియై, ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో పాల్గొన్నారు. 1915లో మద్రాసు చేరి బిసెంటు నడుపుతున్న 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేసినారు. మరుసటి ఏట డబ్లిన్‌లో జరిగిన ఈస్టరు తిరుగుబాటును మెచ్చుకొని వ్రాసినందుకు ఆ కొలువు పోయినది. అప్పుడు ఆయనకు బోధనకు స్థానమిచ్చినది మదనపల్లె. ఒకచోట నేరమైన అభిప్రాయం మరొకచోట ఉపాధ్యాయుని అర్హతకు అడ్డు కాలేదు.

ఆయన సతి మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి లండనులోను, ఐర్లండులోను చెరసాల చూసివచ్చిన వీరవనిత. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మాంటేగు దొరను కలిసి భారతస్త్రీలకు ఓటుహక్కు కోరిన రాయబారం వెనుక ఆమె కృషి ఉన్నది. 1921లో మద్రాసు రాజధానిలో స్త్రీలకు ఆ హక్కు లభించినది.

ఇట్టి గోష్ఠిలోకి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అతిథియై వచ్చినారు. సంపన్న కుటుంబంలో పుట్టి, బడి చదువును భరించలేక విడిచి, పిమ్మట శాంతినికేతనంలో స్వయంగా బడి పెట్టిన కవి ఆయన. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో మొదట వినిపించిన తమ 'జనగణమన' గీతాన్ని ఒక సాయంకాలం విద్యార్థుల నడుమ పాడినారు. వంగభాష ఎరుగని పిల్లలు పల్లవిలో గొంతు కలిపినారు. మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలో నిలిపినారు. కవి అక్కడనే గీతాన్ని ఆంగ్లంలోనికి అనువదించినారు. 1950 జనవరి 24న ఆ గీతమే మన జాతీయగీతమైనది.

వంగదేశపు కవి మాట, ఐరిష్ వనిత సంగీతశిక్షణ, రాయలసీమ విద్యార్థుల కంఠం ఆనాడు ఒక్కచోట చేరినవి. వీరిలో ఎవ్వరూ తమ పుట్టుపూర్వాలను దాచుకొని రాలేదు. తాము తెచ్చుకొన్నదానినే నలుగురి ముందుంచినారు.

అట్లని వారందరిదీ ఒకే మాట అనుకొనరాదు. జాతీయవాదాన్ని దైవంగా కొలవడం ప్రమాదమని ఠాకూరు 1917 నాటికే గ్రంథరూపంలో హెచ్చరించినారు. గాంధీజీ సత్యాగ్రహ మార్గం బిసెంటుకు నచ్చలేదు. కాని మార్గరెట్ 1932లో ప్రభుత్వపు నిర్బంధశాసనాలను నిరసించి వేలూరు జైలుకు వెళ్లినారు. అన్నిటికన్న పెద్ద భేదం ఈ ఊరి బిడ్డ నుండే వచ్చినది. 1895లో మదనపల్లెలో తెలుగు కుటుంబంలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని బిసెంటు జగద్గురువుగా తీర్చిదిద్దబూనగా, ఆయన 1929లో తన కోసం ఏర్పడిన సంఘాన్నే రద్దుచేసినారు. అభిప్రాయభేదాన్ని సహించలేని గోష్ఠిలో వైవిధ్యం అలంకారమే గాని బలం కాదు.

ఉపాధ్యాయ సోదరులు తమ తరగతిని ఈ దృష్టితో ఒకసారి పరికించవలెను. ఈ సీమ పాఠశాలల్లో టమాటా రైతు కొడుకు, పట్టుచీరల మగ్గం నేసేవాని కూతురు పక్కపక్కన కూర్చుంటారు. ఇంట తెలుగు మాట్లాడేవారితోపాటు ఉర్దూ, తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలూ ఉంటారు. వీరందరినీ ఒకే అచ్చులో పోయడమే శిక్షణ అని భావిస్తే, వారు తెచ్చిన సంపద గుమ్మం బయటనే నిలిచిపోతుంది. బజారు లెక్కలో రైతు బిడ్డకు తెలిసినది, రంగుల పొందికలో నేతబిడ్డకు తెలిసినది పాఠ్యపుస్తకంలో దొరకదు.

విద్యార్థులకు కూడ ఒక మాట. మీ ఇంటి భాషను, మీ తండ్రి వృత్తిని గూర్చి సిగ్గుపడవద్దు. గుమాస్తాగా బ్రతుకు మొదలిడినవాడు, బడి మానినవాడు, జైలుకు పోయివచ్చినది, ఈ ముగ్గురూ కూర్చున్న సభలోనే దేశం నేటికీ పాడుతున్న పాటకు తెలుగు పిల్లలు గొంతు కలిపినారు.