అంటుకొనని ఇంజను

తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఒక పల్లెటూరి వీధిలో బాడుగకారు ఒకటి నిలిచియుండెను. కంటికి శస్త్రచికిత్స చేయించుకొనవలసిన ఒక వృద్ధురాలును, ఆమె కుమారుడును అందు కూర్చుండిరి. ఎనిమిది గంటల లోపల వారు పట్టణములోని ఆసుపత్రికి చేరవలెను. డ్రైవరు తాళపుచెవి త్రిప్పెను. ఇంజను గిరగిర తిరిగినది కాని అంటుకొనలేదు. మరల త్రిప్పెను. మరల అదే ధ్వని.

చుట్టును చేరినవారిలో ఒకడు "బ్యాటరీ మార్పించుము" అనెను. మరియొకడు "ప్లగ్గులు పాడైనవి" అనెను. వేరొకడు "త్రోసి చూతము" అనెను. అందరును సాయపడవలెనను తలంపుతోనే పలికిరి. కాని వారిలో ఒక్కడైనను కారును పరీక్షించి పలుకలేదు.

ఇంజను తిరుగుట వేరు, అంటుకొనుట వేరు. మొట్టమొదట ఇంజనును త్రిప్పునది పెట్రోలు కాదు. బ్యాటరీ శక్తితో పనిచేయు స్టార్టరు అను చిన్న మోటారు. పూర్వము డ్రైవరు కారు ముందు నిలిచి, ఇనుప హాండిలుతో ఇంజనును చేతిబలముచే త్రిప్పవలసి యుండెడిది. అమెరికా దేశమున చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లలో అమర్చిరి. నాటినుండి క్రమముగా ఆ శ్రమ తొలగిపోయినది. కావున ఇంజను చురుకుగా తిరుగుచున్నచో బ్యాటరీయు స్టార్టరును తమ పని తాము చేయుచున్నవని గ్రహింపవలెను. అట్టి సమయమున క్రొత్త బ్యాటరీ కొనుట, కాలు నొచ్చినవానికి తలకు కట్టు కట్టుట వంటిది.

ఇక ఇంజను అంటుకొనుటకు ఏమి కావలెను? 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నిర్మించిన ఇంజనునందు నాలుగు పనులు వరుసగా జరిగెడివి. నేటి పెట్రోలు కార్లలోను జరుగునది అదియే. పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలును లోనికి పీల్చును. పైకి లేచుచు ఆ మిశ్రమమును అదుమును. అంతట నిప్పురవ్వ పుట్టి మిశ్రమము మండి పిస్టనును క్రిందికి నెట్టును. పిమ్మట పొగ వెలుపలికి పోవును. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. నిప్పురవ్వ పుట్టించుటకై బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును కాయిలు అను సాధనము వేలకొలది వోల్టులకు పెంచి ప్లగ్గునకు పంపును. గాలి, పెట్రోలు, అదుము, నిప్పురవ్వ అను ఈ నాలుగును సరియైన క్షణమున కూడినప్పుడే ఇంజను అంటుకొనును. వానిలో ఒకటి లోపించినను స్టార్టరు ఎంత త్రిప్పినను ఫలము లేదు.

కారణమును వెదకువాడు ఈ నాలుగింటిని వరుసగా ప్రశ్నింపవలెను. ట్యాంకులో పెట్రోలు కలదా? తాళపుచెవిని సగము త్రిప్పినప్పుడు, అనేకములైన కార్లలో పెట్రోలు పంపు ఒకటి రెండు సెకనులు సన్నగా మ్రోగును. ఆ మ్రోత వినవచ్చుచున్నదా? ప్లగ్గును ఊడదీసి చూచినచో తడిసియున్నదా, పొడిగానున్నదా? తడిసియున్నచో పెట్రోలు చేరినది కాని నిప్పురవ్వ పుట్టలేదని తలపవచ్చును. పొడిగానున్నచో పెట్రోలే చేరలేదని ఊహింపవచ్చును. గాలి వడపోత దుమ్ముతో మూసికొనిపోయినదా? ఇంజను తిరుగు ధ్వని మునుపటికంటె తేలికగా, వేగముగా నున్నదా? అట్లున్నచో వాల్వులను నడపు బెల్టు తెగియుండవచ్చును. అప్పుడు వెంటనే త్రిప్పుట మానవలెను. లేనిచో వాల్వులు వంగిపోవచ్చును.

ఆ తెల్లవారుజామున ఊరిలోని ముసలి మెకానిక్కు వచ్చి మొదట చేసిన పని, డ్రైవరు చేతిని ఆపుట. "నాయనా! ఊరకే త్రిప్పకుము. బ్యాటరీ నీరసించును, స్టార్టరు వేడెక్కును. అప్పుడు ఒక లోపము మూడు లోపములగును" అనెను. పిదప అందరిని నిశ్శబ్దముగా నుండుమని, తాళపుచెవి సగము త్రిప్పించి చెవియొగ్గి వినెను. పంపు మ్రోగలేదు. ఫ్యూజుల పెట్టె తెరచి చూడగా పంపునకు చెందిన ఫ్యూజు కాలిపోయి యుండెను.

డ్రైవరు సంతోషించి "మేస్త్రీగారూ! అందు రాగితీగ ఒకటి చుట్టుడు, పోదము" అనెను. ముసలివాడు తల అడ్డముగా త్రిప్పెను. "ఫ్యూజు కాలుట రోగము కాదు, రోగలక్షణము. అది మనలను కాపాడుటకై తాను కాలినది. దాని స్థానమున రాగితీగ నుంచినచో తరువాత కాలునది కారే" అని పలికి తీగను పొడవునను పరీక్షించెను. వెనుక సీటుక్రింద ఒకచోట ఆ తీగ ఇనుపరేకు అంచునకు రాచుకొని, పైతొడుగు చిరిగియుండెను. బ్యాటరీ తీగను విప్పి, చిరిగినచోట గట్టిగా టేపు చుట్టి, తీగ మరల రేకును తాకకుండ ప్రక్కకు కట్టెను. అటుపిమ్మట అదే కొలతగల క్రొత్త ఫ్యూజు నమర్చెను. ఈసారి పంపు మ్రోగినది. తాళపుచెవి త్రిప్పగనే ఇంజను అంటుకొన్నది. వృద్ధురాలు సకాలమునకు ఆసుపత్రి చేరెను. డ్రైవరునకు క్రొత్త బ్యాటరీ ఖర్చు తప్పెను.

ఇట్టి పరీక్షలు నేర్చినవారు చేయదగినవి. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలును. కాయిలునుండి వచ్చు విద్యుత్తు అపాయకరము. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపినచో వెలువడు విషవాయువు ప్రాణములు తీయగలదు. కాని వరుసగా ఆలోచించుట మాత్రము ఎవరైనను నేర్వవచ్చును.

"నిదానమే ప్రధానము" అని పెద్దలందురు. నిదానమనగా తొందరపడకుండుట యని వాడుకలోని అర్థము. రోగమునకు మూలకారణము, దానిని నిర్ణయించుట అనునవి ఆయుర్వేదములోని అర్థములు. రోగనిర్ణయమును బోధించు ప్రాచీన గ్రంథమునకు మాధవనిదానమని పేరు. తొందరపడనివాడే కారణమును కనుగొనగలడు. కావున ఒకే మాటకు ఆ రెండర్థములు చక్కగా పొసగినవి. లెక్క తప్పినప్పుడును, పైరు ఎండినప్పుడును, యంత్రము నిలిచినప్పుడును ముందుగా చేయదగినది ఒక్కటే: ఏది సరిగా నున్నదో తెలిసికొని దానిని ప్రక్కనుంచి, మిగిలినదానిని వెదకుట.